ఎడమ పళ్ళు

ఫిబ్రవరి 3, సోమవారం

తోక్పాను పనిలోంచి పొమ్మన్నాను.

ఇది చెక్కల కొలతలు రాసుకునే పుస్తకం. వెనక నుంచి తిప్పి ఈ పక్కన రాస్తున్నాను. ఇంట్లో నాకు తప్ప ఎవరికీ చదువు రాదు కనుక దాచాల్సిన పని లేదు.

జరిగింది ఇంతే. మధ్యాహ్నం తిని, దుంగ నీడన నడుం వాల్చాను. రోజూ వాలుస్తాను. ఇవాళ మెడ మీద చీమ కుట్టి ముందే లేచాను. చూస్తే తోక్పా నా రంపానికి చెరో పక్క కాలు వేసి కూచుని, నా ఆకురాయితో నా చైను పళ్ళు రాస్తున్నాడు.

"ఏం చేస్తున్నావు బావా?"

"కాస్త చూస్తున్నా."

"చూడ్డానికి కళ్ళు చాలవా? ఆకురాయి దేనికి?"

తోక్పా చైను మీది ఇనుప రజను ఊదేశాడు.

"ఎన్నాళ్ళ నుంచి చూస్తున్నావు?"

ఆకురాయిని చొక్కాకు తుడిచి దుంగ మీద పెట్టాడు. వెళ్ళమన్నాను. వెళ్ళాడు.

ఒక చైనుకు ఒక చెయ్యి. ఈ అడవుల్లో మిషన్ రంపం పట్టిన ప్రతివాడికీ ఈ సంగతి తెలుసు. ఒకడు ఆకురాయి తోసే తీరు ఇంకొకడి తీరుతో కలవదు. పళ్ళు పొట్టీ పొడుగూ అయిపోయి రంపం గీత తప్పుతుంది. ఆపరేటరు ఒంటి మీద చొక్కా అడిగినా విప్పి ఇస్తాడు గాని ఆకురాయి ఇవ్వడు. పదకొండేళ్ళు నా తాడు కొస పట్టిన మనిషికి ఇది నేను చెప్పాలా?

కెబ్బే అన్నం పెట్టింది గాని మాట్లాడలేదు. తోక్పా ఆమెకు సొంత అన్న. పెళ్ళాం తరఫువాడని ఊరుకుంటే నా మిషన్ నాకు మిగలదు.

ఫిబ్రవరి 4

కెబ్బేనే వెంట తీసుకెళ్ళాను. బ్యాటరీ మసి పూసిన తాడు కొస పట్టుకోమంటే పట్టుకుంది. తాడు లాగి వదిలితే దుంగ మీద నల్లగీత చక్కగా పడింది. పెద్ద విద్యేం కాదు, ఎవరైనా పట్టుకోవచ్చు.

మధ్యాహ్నం దాకా చెక్కలు నూలు పట్టినట్టు వచ్చాయి. తిన్నాక చైనుకు ఆకురాయి పట్టాను. తర్వాత కోసిన రెండూ కుడికి లాగాయి. మాను లోపల మెలి ఉన్నట్టుంది.

ఫిబ్రవరి 5

కుడికి. మెలి ఉన్న మాను.

ఫిబ్రవరి 8, శనివారం

మాను మార్చాను. ఇది వాగు అవతలి ఇరోకో చెట్టు, గొట్టంలా నిటారుగా పెరిగింది. దీనికి మెలి ఉండే వీలు లేదు. అయినా పద్నాలుగడుగుల చెక్క పైన రెండంగుళాలు ఉంది, అడుగున అంగుళమున్నరకు దిగింది. చైను తిరిగే ఇనుప పట్టీ తిరగేసి బిగించాను. మళ్ళీ కుడికే.

ఊళ్ళో నన్ను నూలు కెర్కులా అంటారు. పందొమ్మిదేళ్ళుగా అదే పేరు.

ఫిబ్రవరి 9

ఆకురాయి అరిగిపోయింది. అదీ అసలు సంగతి. కొత్తది తీశాను.

ఫిబ్రవరి 10

కొత్త ఆకురాయి. కుడికే.

ఫిబ్రవరి 11

బాంగా బజారు నుంచి కొత్త చైను తెప్పించాను. పొద్దున్న బిగించాను. ఒక్కొక్క చెక్క గీత మీదే దిగింది, చేత్తో తడిమితే అద్దంలా ఉంది. పాత చైనుదే తప్పని నాకు మొదటినుంచీ తెలుసు. సాయంత్రం పాట కూడా పాడాను. కెబ్బే నవ్వలేదు.

ఫిబ్రవరి 12

పొద్దున్న కొత్త చైనుకు మొదటిసారి ఆకురాయి పట్టాను. కుడికి లాగింది.

మాను మార్చాను, పట్టీ తిరగేశాను, ఆకురాయి మార్చాను, చైను మార్చాను. మార్చనిది ఇంజను ఒక్కటే. నేను పడుకున్నప్పుడు ఆ ఇంజనుకు చెరో పక్క కాలు వేసి కూచున్నది ఎవరు?

ఆ మాట ఇక్కడ రాయను.

ఫిబ్రవరి 14

చెక్కలు కొనే యాసా లారీతో వచ్చింది. మొదటి వరుస చూసే తల అడ్డంగా ఊపింది.

"ఇదేంటి కెర్కులా? చెక్క కోయమంటే పుచ్చకాయ ముక్క కోశావు."

"మిషన్ బాలేదమ్మా."

"మిషన్ బాలేదని చెప్పి నేను ఇంటి పైకప్పు వాళ్ళకు వంకర చెక్క అంటగట్టనా? నూలు కెర్కులా అంటే కొలత కూడా వేయకుండా ఎక్కించుకునేదాన్ని. ఇంకొక్కసారి వస్తా. అప్పుడూ ఇలాగే ఉంటే వాగు అవతల వాళ్ళ దగ్గర కొంటా. ఏమీ అనుకోకు."

చుట్టూ జనం పోగయ్యారు. మిషన్‌కు మందు పెట్టారని అన్నాను. ఎవరు పెట్టారో నేను చెప్పలేదు. జనంలోంచి ఎవరో తోక్పా పేరు అన్నారు.

ఫిబ్రవరి 15, శనివారం

పేరు నేనే చెప్పాను. కెబ్బే అక్కడే ఉంది, కనుక నిన్న రాసింది కొట్టేయడమో మార్చడమో చేయాలి. కొట్టేయను. ఉండనీ.

ఊరి పెద్ద గొర్పు అవ్వ పిలిపించింది. నన్ను కూచోబెట్టి చెయ్యి అందించింది. చెయ్యి కలిపి, వదిలేటప్పుడు నడిమి వేళ్ళు ఒకదానితో ఒకటి టక్కున మోగించాలి కదా, నాది మోగలేదు. మళ్ళీ పట్టుకుంది. మళ్ళీ మోగలేదు.

"వేలికేమైంది?"

"ఇంజను నూనె అవ్వా. జారుతోంది."

"కడుక్కుని రావాల్సింది" అని ఊరుకుంది. తర్వాత అసలు మాట ఎత్తింది. "మందు మాట నోటితో అన్నాక పంచాయతీ గుడిసెలో తేలాలి. వచ్చే శనివారం. ఈలోగా బాగా ఆలోచించుకో. ఆ మాట ఒకడి మీద పడ్డాక సబ్బుతో పోదు."

ఆలోచించుకోవడానికి ఏముంది?

ఫిబ్రవరి 17

పొలాల్లో పొదలు కొట్టే రోజులు. ఈ వారం కూ, అంటే ఊరి పొలం పనుల జట్టు, తోక్పా పొలానికి వెళ్ళాలి, అతని వంతు. ఇరవైమంది పైగా కలిసి ఒక్కొక్కరి పొలం వంతులవారీగా కొట్టుకుంటారు. అలా కలిసి కొడితేనే వానలకు ముందు నేల తయారవుతుంది. ఇవాళ కూ అతన్ని దాటేసి పక్కవాడి పొలానికి వెళ్ళింది. మందు మాట తేలేదాకా అతని గిన్నెలో చెయ్యి పెట్టరట.

కెబ్బే మొదటిసారి నోరు విప్పింది.

"మా అన్నకు మందంటే ఏంటో తెలుసా? దగ్గుమందు కూడా సగం తాగి సగం పారబోస్తాడు. నీ మిషన్‌కు పెడతాడా?"

"మరి రంపం ఎందుకు లాగుతోంది?"

"నాకేం తెలుసు? నువ్వు కదా నూలు కెర్కులావి."

ఫిబ్రవరి 19

పొద్దున్న చైను రాస్తుంటే కెబ్బే వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆ రక్తమేంటి?"

చూసుకున్నాను. కుడి బొటనవేలులో ఆయిల్‌పామ్ ముల్లు దిగి ఉంది. అంగుళం ఉంటుంది. ఆకురాయి పిడి మీద, మోకాలి మీద, పట్టీ మీద అంతా రక్తమే. ఎప్పుడు గుచ్చుకుందో నాకు తెలియదు. ఆమె పళ్ళతో పట్టి లాగింది. నాకు నొప్పి లేదు.

"ఎన్నాళ్ళ నుంచి?"

"చలికి వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. మిషన్ పట్టినవాళ్ళందరికీ ఉంటుంది."

"చలి ఎక్కడుంది?" అంది. చెమట కారుతోంది ఇద్దరికీ.

తర్వాత జరిగింది వరుసగా రాస్తాను, లేకపోతే రేపు ఇంకోలా రాస్తాను.

పంటి అంచు మీద గోరు పెడితే పదునున్న పన్ను గోటిని గీరుతుంది, లేని పన్ను జారిపోతుంది. నేను ఎప్పుడూ బొటనవేలి గోటితోనే చూసుకుంటాను. ఇవాళ కెబ్బేను చూడమన్నాను. చైను తిప్పుతూ ఒక్కొక్క పన్నూ ముట్టుకుంది.

"ఇది గీరుతోంది. ఇది జారింది. ఇది గీరింది. ఇది జారింది."

చైను పొడవునా అంతే. ఒకటి గీరడం, ఒకటి జారడం. గీరినవన్నీ కుడి పళ్ళు, జారినవన్నీ ఎడమ పళ్ళు. కుడి పళ్ళకు ఆకురాయి తోసేది ఎడమ చెయ్యి. ఎడమ పళ్ళకు తోసేది కుడి చెయ్యి. ఎడమ పళ్ళు మొద్దుబారితే రంపం కుడికి లాగుతుంది. ఇది మిషన్ పట్టిన మొదటి నెలలో నేర్చుకునే సంగతి.

నా కుడి చెయ్యి ఆకురాయిని పంటి మీద తోయడం లేదు. పంటి పైన జారుస్తోంది. ఆ తేడా వేలికి తెలియడం లేదు.

మరి ఫిబ్రవరి మూడు దాకా చెక్కలు తిన్నగా ఎలా వచ్చాయి?

"నువ్వు కాసేపు నడుం వాల్చు బావా, నేను మిషన్ మీద ఆకులు కప్పుతా" అనేవాడు తోక్పా. రోజూ అనేవాడు. ఎప్పటినుంచి అంటున్నాడో గుర్తు తెచ్చుకోబోయాను. కిందటి వానలకు ముందు నుంచి అనుకుంటా. అంతకు ముందటి వానలకూ అన్నాడు. రెండేళ్ళు నేను పడుకున్నాను, అతను నా ఎడమ పళ్ళు రాశాడు. నూలు కెర్కులా అన్న పేరు రెండేళ్ళుగా అతను మోస్తున్నాడు.

సిగ్గుగా ఉంది. కోపం కూడా ఉంది. ఎవరి మీదో తెలియడం లేదు.

రేపు వెళ్ళి చెప్తాను.

ఫిబ్రవరి 20

తోక్పా ఇంట్లో లేడు.

ఫిబ్రవరి 21

తోక్పా ఇంట్లో ఉన్నాడు. నేను ఆ దారిన వెళ్ళలేదు. రేపు గుడిసెలో అందరి ముందూ చెప్తే ఒకే దెబ్బకు తేలిపోతుంది. అదే పద్ధతి.

ఫిబ్రవరి 22, శనివారం

ఊరంతా వచ్చింది. గుడిసెకు గోడలు లేవు కనుక లోపల చోటు చాలనివాళ్ళు బయట నిలబడ్డారు. గొర్పు అవ్వ, పంచాయతీ మొదలుపెట్టేముందు పంచే తెల్ల కోలా కాయ విరిచి నాకు సగం, తోక్పాకు సగం ఇచ్చింది.

"కెర్కులా, నీ మాట చెప్పు."

"రంపం కుడికి లాగుతోంది అవ్వా. మూడు వారాలైంది."

"దానికి తోక్పా కారణమంటావా?"

చెప్పాల్సిన మాటలు తయారుగానే ఉన్నాయి. దారంతా అనుకుంటూ వచ్చాను. చెట్లున్న రైతులందరూ ముందు వరుసలో కూచున్నారు. చేతిలో స్పర్శ లేనివాణ్ణి వాళ్ళలో ఎవడు తన పొలంలోకి మిషన్‌తో రానిస్తాడు? ఈ ఒక్క ఆలోచన రావడానికి పట్టినంత సేపు ఊరుకున్నాను. ఆ కాస్తసేపట్లోనే తోక్పా లేచాడు.

"ఆయన్ని అడగడం దేనికి అవ్వా? నేనే పెట్టాను."

అవ్వ అతని వైపు తిరిగింది.

"ఏం మందు?"

"ఆకు మందు. చైనుకు పోసే నూనెలో కలిపాను."

"ఎందుకు?"

"కడుపుమంట. పదకొండేళ్ళు తాడు పట్టాను. ఒక్కరోజు రంపం పట్టనివ్వలేదు."

అది మాత్రం నిజమో అబద్ధమో నాకు ఇప్పటికీ తెలియదు.

"తీయడం వచ్చా?"

"పెట్టిన చెయ్యే తీయాలి. రోజూ చైను కడిగి పళ్ళు రాయాలి. ఎడమవైపు ముఖ్యంగా."

"ఎన్నాళ్ళు?"

"ఆయన రంపం పట్టినన్నాళ్ళూ."

వెనక ఎవరో నవ్వారు. అవ్వ నవ్వలేదు. నా వైపు తిరిగి, "నీ చైను ఇంకొకడు ముట్టుకోవడానికి ఒప్పుకుంటావా?" అంది.

"ఒప్పుకుంటాను."

నేను అన్నది అదొక్కటే. అవ్వ తీర్పు చెప్పింది. తెల్లకోడి, బియ్యం జరిమానా, ఒక ఏడాది కూ నుంచి వెలి. తోక్పా గుడిసె ఇటునుంచి అటు నడిచి వచ్చి, వంగి, నా కాళ్ళు పట్టుకున్నాడు. పట్టుకోనిచ్చాను.

ఫిబ్రవరి 24

తోక్పా పనిలోకి వచ్చాడు. కడిగాడు, రాశాడు. ఎనిమిది చెక్కలు, ఎనిమిదీ గీత మీదే.

"ఎందుకలా చెప్పావు బావా?"

"నీకు చెట్టు ఎవడిస్తాడు మరి? నా చెల్లెలు తినొద్దూ?"

"నీ వరి సంగతేంటి?"

"వరి వచ్చే ఏడు కూడా పండుతుంది. తాడు పట్టు, పొద్దెక్కుతోంది."

ఫిబ్రవరి 25

తిన్నగా వచ్చాయి.

ఫిబ్రవరి 27

తిన్నగా. తోక్పా ఇప్పుడు పగలే, అందరూ చూస్తుండగా రాస్తాడు. మందు తీస్తున్నాడని పిల్లల్ని దూరం లాక్కుపోతారు.

మార్చి 1

యాసా లారీ నింపుకుని వెళ్ళింది. కొలత కూడా వేయలేదు. "వచ్చావు మళ్ళీ దారిలోకి" అంది. కెబ్బే ఆ మాట విని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మార్చి 4

తోక్పా పొలం మా పని చోటికి పోయే దారిలోనే ఉంది. తెల్లవారగానే అక్కడ ఒక్కడే కత్తితో పొదలు కొడుతున్నాడు. రంపం పనికి వచ్చేముందు రెండు గంటలు, వెళ్ళేటప్పుడు ఒక గంట. ఇరవైమంది ఒక్కరోజులో చేసేది ఒక్కడు వానల్లోపు ముగించలేడు, లెక్క వేయక్కర్లేదు. అతని భార్య మూడో బిడ్డను కడుపుతో ఉంది. పని పూర్తయ్యాక చెప్తే మంచిది. ఈ లారీ సరుకు అయ్యాక.

మార్చి 5

వచ్చే లారీ సరుకు అయ్యాక.

మార్చి 6

మధ్యాహ్నం తోక్పా తన గిన్నె వేరుగా తెచ్చుకున్నాడు. మేము ముగ్గురం ఎప్పుడూ ఒక గిన్నెలోనే తింటాం. దారిన ఇద్దరు ఆడవాళ్ళు పోతున్నారు. వాళ్ళు కనపడగానే తోక్పా తన గిన్నె తీసుకుని దుంగ అవతలికి జరిగాడు. తనతో కలిసి తింటూ నేను వాళ్ళ కళ్ళలో పడకూడదని జరిగాడు. వాళ్ళు పోయాక కూడా వెంటనే రాలేదు.

కెబ్బే నా వైపు చూడలేదు గాని చూసినట్టే ఉంది.

గొర్పు అవ్వ ఇంటికి వెళ్ళి గుడిసె మళ్ళీ పిలవమన్నాను. ఎందుకని అడగలేదు. "శనివారం" అంది.

మార్చి 8, శనివారం

చెప్పాను. ముల్లు సంగతి, గోరు సంగతి, రెండేళ్ళ మధ్యాహ్నం నిద్ర సంగతి, అన్నీ. నమ్మనివాళ్ళు ఉంటారని తెలుసు కనుక కుడి చెయ్యి చాపి, కెబ్బేను ఆకురాయి ములుకుతో బొటనవేలు పొడవమన్నాను. పొడిచింది. నేను అవతలివైపు చూస్తూ మాట్లాడుతూనే ఉన్నాను. రక్తం నేల మీద పడ్డాక గాని పొడిచినట్టు నాకు తెలియలేదు. వాళ్ళు నమ్మారు.

తోక్పా కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి లాక్కున్నాడు.

గొర్పు అవ్వ తోక్పాను అడిగింది, "నా గుడిసెలో అబద్ధం ఒప్పుకున్నావా?"

"ఒప్పుకున్నాను."

"అబద్ధం ఆడినవాడికి కోడి. మందు మాట అంటగట్టినవాడికి మేక, బియ్యం. కూ సోమవారం తోక్పా పొలానికి పోతుంది. ఇంకే పొలానికైనా తర్వాతే." ఆ తర్వాత ముందు వరుస వైపు తిరిగింది. "కెర్కులాకు చెట్టు ఎవరిస్తారు?"

అవ్వ రెండోసారి అడగలేదు. రైతులు ఒక్కొక్కరే లేచి దులుపుకుని వెళ్ళారు. వాళ్ళను నేను తప్పుపట్టను, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ లేచి వెళ్ళేవాణ్ణి.

గుడిసె ఖాళీ అయ్యాక తోక్పా నా దగ్గరికి వచ్చాడు. పదకొండేళ్ళలో అతని మొహం అంత ఎర్రగా చూడలేదు.

"నువ్వు చెప్పుకుని కడుక్కున్నావు బావా. రేపటి నుంచి నా చెల్లెలికి ఏం పెడతావు?"

"తెలియదు."

"నేను మోస్తున్నా కదా. నిన్ను దించమన్నానా?"

"నువ్వు అనలేదు. నాకే బరువైంది."

వెళ్ళిపోయాడు.

మార్చి 10, సోమవారం

కూ తోక్పా పొలానికి వెళ్ళింది. నేనూ వెళ్ళాను. కుడి చేత్తో కత్తి పట్టు నిలవడం లేదు కనుక ఎడమ చేత్తో కొట్టాను. పక్కవాడు రెండు వరుసలు కొట్టేసరికి నాది సగం వరుస. డప్పు కొట్టేవాడు నా దగ్గర ఆగి దరువు నెమ్మది చేసి అందరినీ నవ్వించాడు. నాకూ నవ్వొచ్చింది. మధ్యాహ్నానికి పొదలన్నీ పోయి నేల తెల్లబడింది.

తినేటప్పుడు పక్క ఊరి పెద్దాయన ఒకడు వచ్చాడు. శనివారం గుడిసె బయట నిలబడి విన్నవాళ్ళలో ఉన్నాడట. కోకో తోటలో ఒక మాను ఎండిపోయిందని, పడితే తోట మీద పడుతుందని చెప్పి, నన్నూ తోక్పానూ మార్చి మార్చి చూశాడు.

"కోసేది ఎవరు?"

"ఈయనే" అన్నాడు తోక్పా. శనివారం నుంచి నాతో మాటల్లేవు. ఇప్పుడూ నా వైపు చూడలేదు.

"చైను రాసేది?"

"కుడి పళ్ళు ఈయన. ఎడమ పళ్ళు నేను."

పెద్దాయన ముద్ద నోటి దగ్గరే ఆపేశాడు. చుట్టూ తింటున్న కూ మొత్తం ఆగింది. "ఒక చైనుకు రెండు చేతులా?"

"రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఇళ్ళన్నిటి మీదా ఉన్నది ఆ చెక్కే" అన్నాడు తోక్పా. "వంకర ఎక్కడుందో వెళ్ళి చూపించు."

నాకు కళ్ళలో నీళ్ళు వచ్చాయి. పొగ అని చెప్పాను, పొయ్యి ఆరిపోయి చాలాసేపైంది. పెద్దాయన ముద్ద తినేసి, చెయ్యి కడుక్కుని, మాను చూడ్డానికి రమ్మన్నాడు. ఇద్దరినీ రమ్మన్నాడు.